కోనసీమలో ఒక ఇల్లు: మెరక కింద కండ్యూట్లు, తోట పైపులు ప్లాన్ చేసిన విధానం

డెల్టాలో ఇల్లు కట్టేవాళ్లు ఎలివేషన్ గురించి నెలల తరబడి ఆలోచిస్తారు, టైల్స్ కోసం రాజమండ్రి దాకా వెళ్లి నాలుగు షాపులు తిరుగుతారు, వాకిట్లో మట్టి కింద ఏ పైపు ఎటు వెళ్లాలో మాత్రం ఆ రోజు పనిలోకి వచ్చిన ప్లంబరుకి వదిలేస్తారు. గట్టి నేల ఉన్న ఊళ్లలో అలా చేసినా ఎలాగో సాగిపోతుందేమో గానీ మన దగ్గర సాగదు. మన ఇళ్లు పైల్స్ మీద, అంటే భూమిలోకి లోతుగా దించిన కాంక్రీటు స్తంభాల మీద నిలబడతాయి, వాకిళ్లు మెరక మీద, అంటే పల్లం ఎత్తు చేయడానికి పోసిన మట్టి మీద నిలబడతాయి. ఇల్లు కదలదు, మెరక మాత్రం ఏడాది రెండేళ్లపాటు దిగుతూనే ఉంటుంది. ఈ రెండింటినీ కలుపుతూ పోయే ప్రతి పైపూ గోడ దగ్గరే విరుగుతుంది. అందుకని ఈ మధ్య అంబాజీపేట వైపు పూర్తి చేసిన ఒక ఇంటి పని మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాను.

స్థలం సుమారు 16 సెంట్లు, 52 అడుగుల వెడల్పు, 131 అడుగుల పొడవు. పడమర రోడ్డు. పూర్వం కొబ్బరి తోటలో ముక్క, రోడ్డు కంటే దాదాపు మూడడుగుల పల్లం. యజమాని రిటైరైన మాస్టారు, పిల్లలు బయట ఉంటారు. ఆయన అడిగినవి ఇవి: స్తంభం నుంచి ఇంటికి కరెంటు భూమిలోంచి రావాలి, గేటుకి మోటారు, వీడియో డోర్ ఫోన్, నాలుగు కెమెరాలు, వాకిట్లో లైట్లు, ముందు చిన్న లాన్, వెనక ఉన్న ఆరు కొబ్బరి చెట్లకీ కూరగాయల మడికీ డ్రిప్. కరెంటు భూమిలోంచే రావాలని ఎందుకంత పట్టు అని అడిగితే 1996 నవంబరు 6 తుపాను గురించి చెప్పారు. కొబ్బరి చెట్లు తీగల మీద పడి ఊరు ఊరంతా చీకట్లో ఉన్న రోజులు చూసినవాళ్లకి ఆ భయం పోదు. నా లెక్కలో అది న్యాయమైన కోరికే.

చిక్కు వాస్తు దగ్గర మొదలైంది. బోరు ఈశాన్యంలో, అంటే స్థలానికి వెనక మూల. సెప్టిక్ ట్యాంకు వాయవ్యంలో, అంటే ముందు గేటు వైపు మూల. కరెంటు మీటరు రోడ్డు పక్క గోడలో. ఇల్లు నైరుతికి జరిగి దక్షిణాన 6 అడుగుల సందు, ఉత్తరాన 10 అడుగుల సందు మిగిలాయి. ఇప్పుడు చూడండి: బోరు మోటారుకి కరెంటు ముందు నుంచి వెనక్కి వెళ్లాలి, లాన్‌కి నీళ్లు వెనక నుంచి ముందుకి రావాలి, బాత్‌రూముల మురుగు ముందుకి రావాలి, వాన నీళ్లు కూడా రోడ్డు పక్క మురుగు కాలువలోకి పోవాలి. నాలుగూ ఆ ఉత్తరపు పదడుగుల్లోంచే. పైగా దాన్నే నడకదారిగా వాడతారు, పైన పేవర్ టైల్స్ వస్తాయి, కాబట్టి తర్వాత తవ్వుకోవచ్చులే అనే మాటకి చోటు లేదు.

వాస్తు మార్చమని నేను ఎవరికీ చెప్పను. చెప్పి గెలిచినవాళ్లని చూడలేదు కూడా. దాన్ని ఖాయం చేసుకుని లెవెల్స్ దగ్గర తెలివి చూపించడమే పని.

ఏది ముందు

చాలామంది కరెంటు పైపుతో మొదలుపెడతారు. నేను వాలు మీద నడిచేదానితో మొదలుపెడతాను, ఎందుకంటే మురుగు పైపు ఎవరి మాటా వినదు. 110 ఎం.ఎం. పైపుకి 60కి 1 వాలు ఇస్తే ఇంటి వెనక బాత్‌రూము నుంచి ముందు ట్యాంకు దాకా 18 మీటర్లలో సరిగ్గా 30 సెంటీమీటర్లు, అంటే అడుగు దిగుతుంది. ఆ అడుగు ఎంత ముఖ్యమంటే, ట్యాంకులోకి పైపు ఎంత లోతున దిగితే ట్యాంకు అంత కిందకి కూర్చోవాలి. మన దగ్గర వానాకాలంలో రెండు మూడు అడుగులు తవ్వితే నీళ్లు ఊరతాయి. ఖాళీ ట్యాంకుని అందులో పెట్టడమంటే అది పైకి లేవకుండా అడుగున కాంక్రీటు బరువు పోయాలి. అందుకే మురుగు లైను మొదటి బాత్‌రూము దగ్గర అడుగున్నర లోతులో మొదలుపెట్టి, ట్యాంకు దగ్గర రెండున్నర దాటకుండా కట్టేశాం. రెండోది వాన నీళ్లు, అది కూడా వాలే. ప్రహరీ వెంబడి పైన పలకలు వేసిన చిన్న కాలువ. దాన్ని భూమిలో పైపుగా మార్చమని ఒకరు సలహా ఇచ్చారు గానీ కొబ్బరి ఆకులు, పీచు పడే చోట మూసిన పైపు మొదటి వానకే పూడుకుపోతుంది. పలక ఎత్తి చేత్తో శుభ్రం చేసుకునేదే మంచిది.

ఆ రెండూ ఖాయమయ్యాక కరెంటు, ఆఖరున తోట నీళ్లు. ప్రెషరుతో నడిచే నీటి పైపుని ఎటైనా తిప్పొచ్చు, కాస్త పైకీ కిందకీ పోనివ్వొచ్చు, అందుకని దాని వంతు చివరిది.

పదడుగుల్లో పంపకం ఇలా జరిగింది. ఇంటి గోడ నుంచి 3 అడుగుల దగ్గర మురుగు లైను. 6 అడుగుల దగ్గర తోట నీళ్లు, అడుగున్నర లోతులో. 8 అడుగుల దగ్గర కరెంటు, రెండున్నర అడుగుల లోతులో. ప్రహరీని ఆనుకుని వాన కాలువ. లో వోల్టేజీ కేబుల్‌కి భారతీయ ప్రమాణం ఐఎస్ 1255 చెప్పే లోతు 75 సెంటీమీటర్లు, అది మన రెండున్నర అడుగులే. ఇంటర్నెట్, కెమెరా కేబుళ్లని ఈ గుంపులో కలపకుండా పూర్తిగా దక్షిణం సందులోంచి తెచ్చాం. పవర్ పక్కనే డేటా కేబుల్ నడిపితే కనీసం అడుగు ఎడం ఉంచాలి, ఆ అడుగు ఉత్తరాన లేదు. దక్షిణాన ఇంకేమీ లేదు కాబట్టి అక్కడ ఏ గొడవా లేదు.

నీటి పైపు మురుగు పైపుకి పైనే ఉండాలి, పక్కన కూడా వీలైనంత దూరం ఉండాలి. ఇంటి గోడ పక్క పూల మొక్కలకి వెళ్లే చిన్న డ్రిప్ పైపులు మురుగు లైను మీదుగా దాటాయి గానీ కింద నుంచి ఒక్కటీ వెళ్లలేదు.

మెరక, పైల్స్, మధ్యలో పైపు

వేసవిలో సాగు కాలువలు కట్టేసి, అంటే నీళ్లు ఆపేసి, చేలు ఎండినప్పుడు లారీలు లోపలికి వస్తాయి, మెరక అప్పుడే వేయించాం. అంతకుముందే రెండు పనులు పూర్తయ్యాయి. ప్లింత్ బీముల్లో, అంటే గోడల అడుగున ఉండే బీముల్లో, పైపులు బయటికి వచ్చే ప్రతి చోటా కాంక్రీటు పోయకముందే స్లీవులు, అంటే పైపు దూరడానికి కాస్త పెద్ద గొట్టం ముక్కలు, పెట్టించాం. గేటు నుంచి పోర్టికో దాకా కారు వచ్చే దారి కింద మూడు 110 ఎం.ఎం. పైపులు అడ్డంగా వేసి రెండు కొసలూ మూత పెట్టాం. వాటిలో రెండు పనికి, ఒకటి ఖాళీగా. తర్వాత బీముకి కోర్ కట్టర్ పెట్టి బెజ్జం కొడితే ఇనుము తెగుతుంది. దాన్ని మామూలు విషయంలా చేసేస్తుంటారు గానీ ఆ బీము మోసే గోడ గురించి అప్పుడెవరూ ఆలోచించరు.

మిగతా పైపులు మాత్రం మెరకతో పాటు వేయలేదు. పొరలు పొరలుగా వేసి, నీళ్లు పెట్టి అణిచినా మెరక మెరకే. ఇంటి పని సాగుతుండగా ఒక వానాకాలం దాని మీదుగా పోనిచ్చి, సంక్రాంతి వెళ్లాక గాడులు తవ్వించాం. అప్పటికి చాలావరకు దిగింది. అయినా ఇంటి చుట్టూ, ప్లింత్‌ని ఆనుకుని ఉన్న మూడు నాలుగు అడుగులు నమ్మడానికి లేదు, ఎందుకంటే పునాది కోసం తవ్వి మళ్లీ పూడ్చిన మట్టి అక్కడే ఉంటుంది, దాన్ని ఎవరూ సరిగ్గా దిమ్మిస కొట్టరు.

పక్క వీధిలో ఒక ఇంటికి సరిగ్గా అక్కడే పైపు తెగింది. గోడలోంచి వచ్చిన పీవీసీ పైపు బిగుసుకుని కూర్చుంది, బయట మట్టి రెండంగుళాలు దిగింది, పైపు గోడ అంచు మీద కత్తిరించినట్టు విరిగింది. మురుగు నీళ్లు పునాది పక్కనే ఇంకుతున్నాయని వాళ్లకి చాలాకాలం తెలియలేదు. మాస్టారిని తీసుకెళ్లి ఆ గొయ్యి చూపించాను. ఆ తర్వాత ఆయన ఈ పని విషయంలో ఖర్చు అడగలేదు.

మేం చేసింది ఇది. మురుగు పైపుకి గోడ బయట ఒకే పొడవు పైపు కాకుండా, రబ్బరు రింగు జాయింట్లతో రెండు పొట్టి ముక్కలు వేశాం, ఒక్కోటి రెండడుగులు. మట్టి దిగితే ఆ జాయింట్లు కొంచెం కొంచెం వంగి సర్దుకుంటాయి, గమ్ వేసిన జాయింటు వంగదు. నీటి పైపు గోడ దాటే చోట 110 స్లీవు పెట్టి, అందులోంచి హెచ్‌డీపీఈ పైపుని (చుట్టలుగా వచ్చే, వంగే ప్లాస్టిక్ పైపు) బయట ఒకటిన్నర మీటరు మేర పాములా వంపు తిప్పి వదిలాం, స్లీవు ఖాళీని ఫోమ్‌తో మూశాం. కరెంటు కేబుల్‌కి కూడా గోడ దగ్గర అలాగే వదులు ఇచ్చాం. ఫోమ్ మీద బయటి వైపు సన్న ఇనుప జాలీ కొట్టి సిమెంటు పూత వేయించాం. పందికొక్కులు ఉన్న ఊళ్లో ఉత్త ఫోమ్ నెల కూడా నిలవదు.

భూమిలో నీళ్లు ఉంటాయి, ఉన్నట్టే లెక్క

కండ్యూట్ గురించి, అంటే కేబుల్ లాగే పైపు గురించి, ఎక్కువమంది అనుకునేది, పైపులో వేశాం కాబట్టి వైరు పొడిగా ఉంటుందని. డెల్టాలో భూమిలో వేసిన కండ్యూట్‌లోకి నీళ్లు చేరతాయి. జాయింట్లలోంచి ఊరుతాయి, లేదా లోపలి గాలిలో తేమ చల్లబడి చేరుతుంది. ఏడాదిలో కొన్ని నెలలు అది నీటి పైపే అనుకోవాలి. ఇంటి గోడల్లో వాడే మామూలు వైర్లని అందులో లాగడం నేను ఒప్పుకోను. స్తంభం నుంచి, మోటారుకి, గేటుకి, అన్నిటికీ ఆర్మర్డ్ కేబులే, అంటే ఇనుప తొడుగు ఉన్నదే వేశాం. పైపు దేనికంటే, రేపు కేబుల్ మార్చాలంటే టైల్స్ పీకకుండా లాగడానికి, గునపం దెబ్బకి అడ్డుగా ఉండడానికి. లోపల నునుపుగా, బయట ముడతలుగా ఉండే రెండు పొరల డీడబ్ల్యూసీ పైపు వాడాం, అది మెరక దిగినా చిట్లకుండా వంగుతుంది.

రెండో నిర్ణయం, భూమిలో కేబుల్ జాయింటు ఒక్కటీ ఉండకూడదు. లైట్లకి మధ్య మధ్యలో ఛాంబరు కట్టి అందులో జాయింట్లు కొట్టి టేపు చుట్టడం అలవాటు. ఛాంబరు అడుగున కంకర వేస్తే నీళ్లు ఇంకిపోతాయి అంటారు, ఇక్కడ కంకరలోంచి నీళ్లు పైకి వస్తాయి. అందుకని కేబుల్ ఒక లైటు స్తంభంలోకి ఎక్కి, నేలకి రెండడుగుల ఎత్తున ఉన్న పెట్టెలో కలిసి, మళ్లీ దిగి తర్వాతి స్తంభానికి వెళ్తుంది. కేబుల్ కాస్త ఎక్కువ పట్టింది. ఛాంబర్లు కేవలం లాగడానికే, రెండు పెద్ద మలుపుల దగ్గర. మీటరు పెట్టె కూడా గేటు దగ్గర నేలకి నాలుగడుగుల ఎత్తులో. తోట సర్క్యూట్‌కి వేరే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తనంతట పడిపోయే స్విచ్) పెట్టాం, ఎక్కడైనా తడి తగిలితే అది ఒక్కటే పడిపోవాలి గానీ ఇల్లంతా చీకటి కాకూడదు.

లైట్ల దగ్గర ఎలక్ట్రీషియన్‌తో కొంచెం వాదన జరిగింది. 12 వోల్టుల లైట్లు సేఫ్ కదా, ఇంట్లో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి 1.5 వైరుతో లాగేద్దాం అన్నాడు. లెక్క వేసి చూపించాను. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు నిరోధం కిలోమీటరుకి 12 ఓములు. 40 మీటర్ల దూరమంటే రానూపోనూ 80 మీటర్లు, దాదాపు ఒక ఓము. 60 వాట్ల లైట్లంటే 12 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు. అంటే 5 వోల్టులు దారిలోనే పోతాయి, చివరి లైటుకి చేరేది ఏడే. 230 వోల్టులు ఆర్మర్డ్‌లో స్తంభాల దాకా తీసుకెళ్లి, లైటుకి వోల్టేజీ తగ్గించే డ్రైవర్ పెట్టె అక్కడే పెట్టాం.

తేలిన పైపులు

గాడులు తవ్విన వారంలోనే అకాల వర్షం పడింది. సాయంత్రం గాడిలో వేసి, ఇసుక పరిచి, పూడ్చడం రేపు అనుకున్న కారు దారి పక్క 110 పైపులు పొద్దున్నకి నీళ్లలో తేలుతున్నాయి. బలం తక్కువేం కాదు: 110 ఎం.ఎం. ఖాళీ పైపు మీటరుకి తొమ్మిదిన్నర లీటర్ల నీటిని పక్కకి నెడుతుంది, ఆరు మీటర్ల ముక్క మీద పైపు బరువు పోగా యాభై కేజీల దాకా పైకి తోపు ఉంటుంది. పైన వేసిన గుప్పెడు ఇసుక దాన్ని ఆపదు. అందుకని తవ్వడం, వేయడం, పూడ్చడం ఒకే రోజు అయ్యేంత ముక్కే తవ్వాలని నిబంధన. అది కుదరకపోతే రెండు మీటర్లకో ఇసుక బస్తా. నీటి పైపయితే నీళ్లు నింపే పూడ్చాలి.

కేబుల్ లాగడానికి పైపులో తాడు ముందే ఉండాలి. పూడ్చాక తాడు ఎక్కించాల్సి వస్తే ఒక చిట్కా: ప్లాస్టిక్ కవరు ముక్కని పైపులో వదులుగా పట్టేలా ఉండ చేసి దానికి సన్న దారం కట్టి, అవతలి కొసన వాక్యూమ్ క్లీనర్ గొట్టం ఆనించి గుడ్డతో చుట్టూ మూస్తే, దారంతో సహా ఉండ ఇవతల నుంచి అవతలికి క్షణాల్లో వచ్చేస్తుంది. ఆ దారానికి నైలాన్ తాడు కట్టి లాగడమే. ఖాళీ పైపులో కూడా తాడు వదిలి, రెండు కొసలూ మూత వేశాం.

కేబుల్ పైపు చుట్టూ మూడంగుళాల ఇసుక, పైన ఒక వరుస ఇటుకలు, దాని పైన అడుగు మట్టి వేశాక ఎర్ర హెచ్చరిక టేపు. మేస్త్రి ఇటుకల దగ్గర గునిశాడు. "లోపల పడుకునే పైపే కదండీ మాస్టారూ, ఎలా వేసినా కనబడదు కదా" అన్నాడు. "కనబడదు కాబట్టే కదయ్యా నాకు టెన్షన్" అన్నారు ఆయన. నిజమే. తర్వాత కడియపులంక నుంచి మొక్కలు తెచ్చి నాటేవాళ్లు తవ్వే గుంత కూడా అడుగున్నర, రెండడుగులే ఉంటుంది. మన నీటి పైపు సరిగ్గా ఆ లోతులోనే ఉంది. కాబట్టి పైపులన్నీ మడుల అంచుల వెంబడే తిప్పాం, మడి మధ్యలోంచి ఒక్కటీ పోలేదు.

తోట నీళ్లు

బోరు నీళ్లని నేరుగా డ్రిప్‌లోకి పంపితే మన ప్రాంతంలో చాలా చోట్ల ఇనుము వల్ల డ్రిప్పర్లు ఎర్ర మడ్డి పట్టి మూసుకుపోతాయి. లోతుకి వెళ్తే ఉప్పు తగులుతుంది కాబట్టి బోరు పైపైనే వేస్తాం, ఆ నీళ్లలో ఇనుము తప్పదు. ఈశాన్యంలో అరుగు మీద 2000 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు పెట్టి, బోరు నీళ్లు పై నుంచి షవరులా పడేటట్టు చేశాం. గాలి తగిలితే ఇనుము విడిపోయి అడుగుకి చేరుతుంది. ట్యాంకుకి అడుగున ఒక వాల్వు మడ్డి వదలడానికి, అరడుగు పైన ఇంకొకటి తోటకి. అక్కడ నుంచి 1 హెచ్‌పీ పంపు, 120 మెష్ డిస్క్ ఫిల్టరు, ఆ తర్వాత కరెంటుతో తెరుచుకునే నాలుగు సోలినాయిడ్ వాల్వులు. ఈ వాల్వులని భూమిలో పెట్టెల్లో పాతడం అలవాటు. మేం ట్యాంకు అరుగు గోడకే, నేలకి అడుగు ఎత్తున వరుసగా బిగించాం. 24 వోల్టుల తీగలు, కనెక్షన్లు అన్నీ పొడిగా, చేతికి అందేలా ఉన్నాయి.

లాన్‌లో పాప్‌అప్‌లు (ప్రెషరుకి నేలలోంచి పైకి లేచి నీళ్లు చిమ్మేవి) ఆరు, అన్నీ కలిసి నిమిషానికి 40 లీటర్ల దాకా తీసుకుంటాయి, ఒక్కో దాని దగ్గర రెండు, రెండున్నర కేజీల ప్రెషరు కావాలి. మేడ మీద ట్యాంకు నుంచి వస్తే సరిపోదా అని మాస్టారు అడిగారు. పది మీటర్ల ఎత్తుకి ఒక కేజీ ప్రెషరు. రెండంతస్తుల మీద ట్యాంకు ఉన్నా కేజీ దాటదు, పాప్‌అప్ లేవదు. పైపు సైజు కూడా ఇక్కడే తేలింది. 40 లీటర్లని 25 ఎం.ఎం. పైపులో 40 మీటర్లు తోస్తే ఆరు మీటర్ల ఎత్తుకి సరిపడే ప్రెషరు రాపిడికే పోతుంది, 32 అయితే రెండు మీటర్ల లోపు. ఇంకాస్త వెసులుబాటు ఉండాలని 40 ఎం.ఎం. హెచ్‌డీపీఈ రోల్ తీసుకున్నాం, ట్యాంకు నుంచి లాన్ దాకా భూమిలో ఒక్క జాయింటు లేకుండా. రోల్ దిగే మెరకతో పాటు వంగుతుంది కూడా.

కొబ్బరి చెట్లకి చెట్టు చుట్టూ నాలుగు డ్రిప్పర్లు, గంటకి 8 లీటర్లవి. గంటన్నర నడిస్తే చెట్టుకి 48 లీటర్లు. కొబ్బరి వేళ్లు ఎక్కువగా మొదలు చుట్టూ రెండు మీటర్లలోనే ఉంటాయి, అందుకని ఆ వలయంలో గాడి తవ్వనివ్వలేదు, పైపు బయట నుంచి తిరిగి వచ్చింది, ఆఖరి ముక్క నేల మీదే. అక్కడున్న ఒక మామిడి చెట్టు మొదలుని మెరకలో పూడ్చకుండా చుట్టూ రాళ్ల గూడు కట్టించాం. కొబ్బరికి మొదట్లో మట్టి ఎగదోసినా కొత్త వేళ్లు తొడుగుతుంది, మామిడి ఊపిరాడక ఎండుతుంది.

లాన్‌లో చీలే కొమ్మ పైపులు మాత్రం పీవీసీ. పూడ్చకముందు 5 కేజీల ప్రెషరు దగ్గర టెస్ట్ పెట్టాం. హెచ్‌డీపీఈ కొంచెం సాగుతుంది కాబట్టి మొదటి గంటలో ప్రెషరు మీటరు ముల్లు దిగితే కంగారు పడక్కర్లేదు, మళ్లీ పంపు చేసి అప్పుడు రాత్రంతా చూడాలి. పొద్దున్నకి 3 దగ్గర ఉంది. గాడి వెంట నడిస్తే ఒక టీ ఆకారపు జాయింటు దగ్గర ఇసుక తడిగా ఉంది. ఊట నీళ్లలో నిలబడి తడి పైపు మీద గమ్ పూసి అతికించిన జాయింటు అది. కోసేసి, గట్టు మీద పొడి గుడ్డతో తుడిచి అతికించి, ఒక రోజు ఆరనిచ్చి దింపాం. రెండో టెస్టులో ముల్లు కదల్లేదు.

పూడ్చే ముందు ప్రతి మలుపూ ఇంటి రెండు మూలల నుంచి టేపుతో కొలిచి, టేపు కనబడేలా ఫోటో తీశాం. ఒక్క మూల నుంచి కొలత ఉంటే చాలదు, రెండు మూలల నుంచి ఉంటేనే ఆ చోటు మళ్లీ దొరుకుతుంది. లోతులతో సహా డ్రాయింగ్ లామినేట్ చేసి మీటరు పెట్టె తలుపు లోపల అతికించాం, మొక్కలు నాటడానికి వచ్చినవాళ్లకి ముందు అదే చూపించారు మాస్టారు.

తర్వాతి వానాకాలానికి ప్లింత్ చుట్టూ మట్టి రెండంగుళాలు దిగింది, ఉత్తరం సందులో రెండు చోట్ల టైల్స్ ఎత్తి ఇసుక నింపి మళ్లీ పరిచారు. పైపులకి ఏమీ కాలేదు. లాగుడు ఛాంబర్లు రెండూ నెలల తరబడి నీళ్లతో నిండే ఉన్నాయి, లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. కారు దారి కింద వదిలిన ఖాళీ పైపులోంచి ఇప్పుడు మాస్టారి అబ్బాయి కొన్న ఎలక్ట్రిక్ కారు ఛార్జరుకి కేబుల్ వెళ్లింది, గంటలో పని అయిపోయింది. డిస్క్ ఫిల్టరు మాత్రం వారానికోసారి కడగాల్సిందే. కాలువలు కట్టేసిన రోజుల్లో బోరులో నీళ్లు తగ్గి మడ్డి పెరుగుతుంది కాబట్టి వారానికి రెండుసార్లు కడగమని, డ్రిప్ లైన్ల చివరి మూతలు కూడా నెలకోసారి తీసి నీళ్లు వదలమని ఆ డ్రాయింగ్ కిందే రాసి పెట్టాం.